యూదులు పరులకు విధించిన ధర్మము

తమవారికి శాసనములు చేసికొనని మతము లేదు. పరులకై శాసనము చేసిన మతము లరుదు. యూదపండితు లా పని చేసిరి. అదియు రాజ్యము పోయిన పిదప చేసిరి.

రాజ్యమున్న దినములలో పరదేశి యనగా తమ పొలిమేరలో నివసించువాడు. ఐగుప్తులో తామును పరదేశులై యుండిరి గనుక వానిని బాధింపరాదని మోషే ధర్మశాస్త్రము పలుమారులు చెప్పుచున్నది. పాలకులకు మాత్ర మంత యోపిక లేకపోయెను. క్రీ.పూ. 2వ శతాబ్దపు చివరి భాగమున యోహాను హిర్కాను ఇదుమయులను జయించి, సున్నతి పొందుడు, లేదా దేశము విడువుడని శాసించినట్లు జోసీఫసు వ్రాసెను. ఆ జాతివాడైన హేరోదే తరువాత యెరూషలేములో రాజై దేవాలయమును పునర్నిర్మించెను. అన్యు డీ కంచె దాటినచో కలుగు మరణ మతని స్వయంకృతమే యని గ్రీకుభాషలో చెక్కిన ఆ యాలయపు శిల 1871లో దొరకినది. కొందరిని బలిమిని లోనికి లాగిరి. కొందరిని ప్రాణభయముతో వెలుపల నిలిపిరి.

క్రీ.శ. 70లో రోమనులు ఆలయమును తగులబెట్టిరి. 135లో కడపటి తిరుగుబాటు నణచి, యూదులు యెరూషలేమున నడుగిడరాదనిరి. పిమ్మట 3వ శతాబ్దప్రాంతమున కూర్చబడిన తోసెఫ్తా యను గ్రంథమున నోవహు సంతతికి, అనగా సర్వమానవులకు, ఏడాజ్ఞలు కానవచ్చుచున్నవి. న్యాయస్థానముల నేర్పరచుకొనవలయును, విగ్రహారాధన, దైవదూషణ, వ్యభిచారము, నరహత్య, దొంగతనము కూడవు, బ్రదికియున్న జంతువునుండి కోసిన మాంసము తినరాదు.

తమ పట్టణమునైన స్వతంత్రముగా నేలలేనివారు లోకమున కెల్ల ధర్మము విధించిరి! నవ్వు పుట్టవచ్చును గాని, అమలు జరుపు శక్తి లేని ఆ శాసనము వలన వారు తమ్ము తామే గుర్తించుకొనిరని మా యభిప్రాయము. సర్వుల కేడు, తమకు 613. ఆ మిగిలినదియే యూదత్వము. కనుకనే అన్యుడు విశ్రాంతిదినము నాచరించినచో మరణార్హుడను కఠినవాక్యము తాల్ముదున చేరినది. మరు పుటలోనే, ధర్మశాస్త్రము నభ్యసించు నన్యుడు ప్రధానయాజకునితో సమానుడని రబ్బీ మేయిర్ మాట. అచ్చట ధర్మశాస్త్ర మనగా ఆ యేడాజ్ఞలే యని తాల్ముదు సరిపెట్టినది. ఈ సరిపెట్టుట మాకు రుచింపదు.

ఇంతకు పూర్వమే, మిష్నాలో చెప్పబడిన యొక వివాదము కలదు. అమ్మోనీయుడు దేవుని సమాజమున చేరరాదని ధర్మశాస్త్రవిధి. యూదమతము స్వీకరించిన యొక అమ్మోనీయుడు విద్యాశాలకు వచ్చి, తాను చేరవచ్చునా యని పండితుల నడిగెను. రబ్బాన్ గమలీయేలు కూడదనెను. రబ్బీ యెహోషువ, అష్షూరు రాజగు సన్హెరీబు ఏనాడో జాతులనన్నిటిని కలగలిపివేసెను, ఆనాటి అమ్మోనీయు లిప్పు డెక్కడ నున్నారని వాదించెను. విధిలో నొక యక్షరమును కొట్టివేయలేదు. వచ్చినవానిని మాత్రము చేర్చుకొనిరి.