దండులో తొట్టి, సికింద్రాబాదులో దోమ

బెంగళూరు కంటోన్మెంటుని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ దండు అనే అంటారు. 1883లో ఆ దండుకి రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు వచ్చాడు. బంగళాలో దోమలు భరించలేక కారణం వెతికితే, బయట పెట్టిన నీళ్ళ తొట్టిలో మెలికలు తిరిగే పురుగులు కనిపించాయి. తొట్టి బోర్లించాడు, దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా బోర్లిద్దామంటే తోటి ఆఫీసరు ఒప్పుకోలేదట, ప్రకృతి ఏర్పాటులో మనం వేలు పెట్టకూడదని!

సికింద్రాబాదు కథ అందరికీ తెలిసిందే గానీ, ఈ తొట్టి కథ మన ఇళ్ళలో ఎవరూ చెప్పుకోరు. దోమ నీళ్ళలో పుడుతుందని రాస్‌కి తెలుసు. మలేరియా మోసేది ఏ దోమ అన్నదే తెలీలేదు. 1895 నుంచి రెండేళ్ళు బూడిదరంగు దోమల్నీ, చారల దోమల్నీ కోసి చూస్తూ గడిపాడు. మధ్యలో కలరా పని మీద మళ్ళీ బెంగళూరుకే వచ్చాడు. ఆ రెండు రకాలూ మనిషి మలేరియాని మోయవు మరి, ఏం దొరుకుతుంది?

1897 ఆగస్టులో సికింద్రాబాదులో అతని పనివాళ్ళు తెచ్చిన పిల్లపురుగుల్లోంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగి కుట్టించుకోడానికి దోమకి ఒక అణా చొప్పున తీసుకున్నాడు. ఆగస్టు 20న అలాంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనబడింది. 1902లో నోబెల్ వచ్చింది. నన్నడిగితే ఆ పురుగుల్ని తెచ్చినవాళ్ళకి అందులో సగం వాటా ఉంది.

రాస్‌కి పనికిరాకుండా పోయిన ఆ చారల దోమే ఇవాళ మనకి డెంగీ తెచ్చేది. అందుకే డెంగీ అనగానే అమ్మమ్మ నాటి కలువ తొట్టి తీసేద్దామంటారు పిల్లలు. వాళ్ళ భయం తప్పు కాదు. కానీ ముందు తొట్టి పక్కన ఐదు నిమిషాలు కూచుని చూడండి. మలేరియా దోమ పిల్ల నీటి పైన పుల్లలా అడ్డంగా పడుకుంటుంది, దానికి ఊపిరి గొట్టం ఉండదు. డెంగీ దోమ పిల్ల తోక దగ్గరి పొట్టి గొట్టాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. నీడ పడితే చాలు, గబుక్కున కిందికి దిగిపోతుంది.

అడుగున ఎర్ర దారం ముక్కల్లా ఉండేవి కుట్టని ఈగల పిల్లలు. గెంతుతూ ఈదే తెల్లని చుక్కలు డాఫ్నియా, రొయ్యలకి దూరపు చుట్టాలు. బురదరంగులో ఆరు కాళ్ళతో పాకేది కనిపిస్తే దాన్ని మాత్రం పారేయకండి. అది తూనీగ పిల్ల, దోమ పిల్లల్ని తినే బతుకుతుంది.

డెంగీ దోమ గుడ్లు నీటి గీతకి కాస్త పైన తొట్టి గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు. నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. వారానికోసారి అంచుల్ని కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. గప్పీ చేపలు వేసినా సరే, తోమడం మానొద్దు.