పితూరీ అంటే చాడీ కాదు (మన చరిత్ర - 14)



ఈ భాగం ఒక్క మాటతో మొదలుపెడతాను. పితూరీ. మా కొవ్వూరులో ఎవరినడిగినా పితూరీ అంటే చాడీ అనే చెప్తారు. "వాడు పెద్దాయన దగ్గర పితూరీలు మోస్తాడు" అంటాం. నూరేళ్ల కిందట ఇదే గోదావరికి ఎగువన, మన్యంలో, పితూరీ అంటే తిరుగుబాటు. ఇంగ్లీషు అధికారులు కూడా తమ రికార్డుల్లో ఆ మాటనే రాసుకున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకు ఈ అర్థం మారడం దగ్గరే ఆగాలనిపిస్తుంది. కొండమీద అన్యాయాన్ని ఎదిరించడానికి వాడిన మాట, కిందికి దిగేసరికి పిరికివాడి పనికి పేరైంది.

మాటకే ఇలా జరిగితే మనుషులకు ఏం జరిగి ఉంటుంది? ఈ రోజు ఇద్దరు మనుషుల గురించి చెప్తాను. గాం గంటందొర, గాం మల్లుదొర. అన్నదమ్ములు. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగువాడు లేడు. ఈ ఇద్దరి పేర్లు తెలిసినవాళ్లు ఎందరు? తెలిసినా ఎలా తెలుసు? "అల్లూరి అనుచరులు" అని.

అనుచరుడు అంటే వెనక నడిచేవాడు. అడవి వాళ్లది, దారులు వాళ్లవి, ఆకలి వాళ్లది. మరి వెనక నడిచింది ఎవరు?

కాస్త వెనక్కి వెళ్దాం. 1879లో రంప కొండల్లో జనం లేచారు. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, వడ్డీ వ్యాపారుల మోసం, ఇవన్నీ కలిసి వాళ్లను లేపాయి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషన్ తగలబెట్టాడు. ఆ తిరుగుబాటును అణిచారు గానీ కారణాలను అలాగే ఉంచారు. పైగా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి చేసుకుంటున్న పోడు నేరమైంది. కట్టె ఏరుకోవడానికి, పశువును మేపుకోవడానికి ఫారెస్టోడి దయ కావాల్సి వచ్చింది.

గంటందొర బట్టిపనుకుల మునసబు. ఆ పదవి ఊడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌తో అతనికి పడలేదు. ఈ బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించినవాడు. మన్యం జనాన్ని పనిలోకి తోలి, చాలీచాలని కూలి ఇచ్చి, వెట్టిలా చాకిరీ చేయించుకున్నాడు. మాలమాదిగ పల్లెల్లో పుట్టినవాళ్లకు వెట్టి అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సీతారామరాజు మన్యానికి వచ్చింది 1917 ప్రాంతంలో. ఆయన వచ్చేసరికే అక్కడ నిప్పు ఉంది. రాజును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. తన సొంత భూమి పోకపోయినా, తన వీపు మీద దెబ్బ పడకపోయినా, ఇంకొకరి బాధను తనది చేసుకుని ప్రాణమిచ్చినవాడు. దండం పెట్టాల్సిన మనిషి. కానీ ఒకరికి దండం పెట్టడానికి ఇంకో ఇద్దరిని ఆయన నీడలో నిలబెట్టాలా?

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. తుపాకులు, తూటాలు పట్టుకెళ్లారు. రాజవొమ్మంగిలో బంధించి ఉంచిన మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును దింపింది. తర్వాత అస్సాం రైఫిల్స్‌ని దింపింది.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. మన సినిమా అక్కడే అయిపోతుంది, పాఠం కూడా. పోరాటం మాత్రం అప్పటికి అయిపోలేదు. గంటందొర ఇంకా అడవిలోనే ఉన్నాడు. నెల తర్వాత, జూన్‌లో, పోరాడుతూనే చనిపోయాడు. నాయకుడు పోయాక కూడా నిలబడినవాణ్ణి అనుచరుడు అంటే సరిపోతుందా?

రాతలో ఎవరు ఎలా మిగులుతారన్నది ఇక్కడే కాదు, అన్నిచోట్లా ఉన్న ప్రశ్న. క్రీ.శ. 132 నుంచి 135 వరకు రోమన్ల మీద యూదులు చేసిన తిరుగుబాటుకు నాయకుడు సైమన్. నమ్మినవాళ్లు అతన్ని బార్ కోఖ్బా, అంటే నక్షత్ర పుత్రుడు అన్నారు. ఓడిపోయాక బార్ కోజిబా, అంటే అబద్ధాల కొడుకు అన్నారు. 1950ల మొదట్లో యూదయ ఎడారిలోని ఒక గుహలో అతని ఉత్తరాలు బయటపడ్డాయి. అప్పుడు తెలిసింది, అతని అసలు పేరు బెన్ కోసిబా అని. పొగిడినవాళ్లు, తిట్టినవాళ్లు పెట్టిన పేర్ల కింద పద్దెనిమిది వందల ఏళ్లు ఉన్న మనిషి, చివరికి తన పేరుతో తను బయటికొచ్చాడు. గంటందొరకు అలాంటి గుహ ఏదీ దొరకలేదు. అతని గురించి రాసింది ఎక్కువగా అతన్ని వేటాడినవాళ్లే.

మల్లుదొర కథ ఇంకోలా నడిచింది. 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. బతికి బయటికొచ్చాడు. 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికలు జరిగాయి. విశాఖపట్నం అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. అందులో ఒక సీటు షెడ్యూల్డ్ తెగలది. ఇండిపెండెంట్‌గా గెలిచి గాం మల్లుదొర పార్లమెంటులో కూర్చున్నాడు.

ఈ వాక్యం ఇంకోసారి చదవండి. ఉరి తీయమని తెల్లవాడి కోర్టు చెప్పిన మనిషి, బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం కింద పార్లమెంటు సభ్యుడయ్యాడు. రిజర్వేషన్ అంటే ప్రతిభ లేనివాళ్లకు వేసే భిక్ష అనేవాళ్లు మీకు ఎదురైతే మల్లుదొర పేరు చెప్పండి. తుపాకీతో ఆ మనిషికి దొరకని కుర్చీ, ఆ ఒక్క నిబంధన వల్ల దొరికింది. మా కొవ్వూరు అసెంబ్లీ సీటు కూడా ఈ రోజు ఎస్సీ రిజర్వుడే. దాని విలువ తెలియాలంటే ఈ చరిత్ర తెలియాలి.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే రోజు మా కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారింది. మూడు నెలలకు భీమవరంలో ముప్పై అడుగుల కాంస్య విగ్రహం లేచింది. మంచిదే. అదే సమయంలో, అదే నది పక్కన, పోలవరం ప్రాజెక్టు కోసం కొండరెడ్లు, కోయలు ఊళ్లు ఖాళీ చేస్తున్నారు. దేవీపట్నం మండలంలో గ్రామాలు నీళ్ల పాలయ్యాయి. విగ్రహానికి దండ వేసిన చేతులు, పునరావాసం కోసం ఆదివాసీ ఇచ్చిన అర్జీని కూడా అంతే భక్తితో అందుకోవాలి కదా. ఆ అర్జీని మనం ఏమని పిలుస్తున్నాం? కొండమీద అర్థంలో పితూరీ అనా, లేక డెల్టా అర్థంలోనా?

మీ పిల్లల పాఠంలో ఈసారి "అల్లూరి, ఆయన అనుచరులు" అని వస్తే, ఆ రెండో మాట కొట్టేసి రెండు పేర్లు రాయించండి. గాం గంటందొర. గాం మల్లుదొర.

వచ్చే భాగంలో ద్వారబంధాల చంద్రయ్య గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.