వంట చలనచిత్రాలలో హాస్యం, వాస్తవికత

వంట ప్రధాన ఇతివృత్తంగా గల చలనచిత్రాలలో హాస్యం, వాస్తవికత అనే రెండు ధోరణులు ముఖ్యమైనవి. జపనీస్ చిత్రం టాంపోపో (1985) మొదటిదానికి, మలయాళ చిత్రం ది గ్రేట్ ఇండియన్ కిచెన్ (2021) రెండవదానికి ప్రసిద్ధ ఉదాహరణలు.

హాస్యం

జూజో ఇటామి దర్శకత్వం వహించిన టాంపోపోలో ఒక వితంతువు లారీ డ్రైవరు సహాయంతో రామెన్ వండటంలో ప్రావీణ్యం సంపాదిస్తుంది. ఈ సాధనను కౌబాయ్ చిత్రాల ఫక్కీలో వీరగాథగా చూపడం వలన హాస్యం పుడుతుంది. తెలుగులో మాయాబజార్ (1957) చిత్రంలో ఘటోత్కచుడు పెళ్ళి వంటకాలను ఒక్కడే ఆరగించే ఘట్టంలో హాస్యం తినేవాని వైపు నుండి వస్తుంది.

వాస్తవికత

జియో బేబీ దర్శకత్వం వహించిన ది గ్రేట్ ఇండియన్ కిచెన్‌లో కూరగాయలు తరగడం, వడ్డించడం, ఎంగిలి ఎత్తడం, అంట్లు తోమడం పదేపదే కనిపిస్తాయి. సింకు గొట్టం కారుతున్నదని కోడలు చెప్పినా భర్త బాగు చేయించడు. అన్నం కట్టెల పొయ్యి మీదనే వండాలని మామగారి కోరిక. ఈ చిత్రానికి 2020 సంవత్సరపు కేరళ రాష్ట్ర ఉత్తమ చిత్ర పురస్కారం లభించింది.

పోలిక

హాస్య చిత్రాలలో వంట నైపుణ్యంగాను, భోజనం కథకు ముగింపుగాను ఉంటాయి. వాస్తవిక చిత్రాలలో వంట శ్రమ. భోజనం ముగిసిన తరువాత కూడా అది కొనసాగుతుంది. అయితే ఈ విభజన సంపూర్ణం కాదు. టాంపోపోలోనే మరణశయ్యపై ఉన్న ఇల్లాలు భర్త చెప్పగా లేచి, వేపుడన్నం వండిపెట్టి కన్నుమూస్తుంది. పిల్లలను ఏడవనీయక, వేడి చల్లారకముందే తినమంటాడు తండ్రి. ఆ ఘట్టంలో హాస్యం, వాస్తవికత విడదీయరానివి.