ఒక్క పన్ను తేడా

కిక్కు కొడితే పలుకుతుంది. రెండు పాలక్యాన్లు తగిలించి గేరేస్తే మాత్రం మొరాయిస్తుంది. నలభై దాటిస్తే సైలెన్సర్ దగ్గుతుంది, కార్బెటర్ తుమ్ముతుంది. చేతిలో ఉన్నదంతా పోసి ఇంజన్ చేయించిన బండి ఇట్లా నడవడం కమలాపురం పాలవ్యాపారికి మింగుడుపడలేదు.

దీనికంతటికీ మూలం 2021 నవంబరు వానలు. వెలిగల్లు ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లతో పాపాఘ్ని పోటెత్తి, కమలాపురం దగ్గర వంతెనను కూల్చేసింది. కడపకు నేరుదారి తెగిపోయింది. చుట్టుదారి పట్టాల్సిన రోజుల్లోనే ఆయన పాత హీరో హోండా స్ప్లెండర్ బురదనీళ్లలో మునిగింది. నీళ్లు తీశాక ఇంట్లో ఎవరో ఆత్రంకొద్దీ, పాత ఆయిలన్నా దించకుండా, కిక్కుల మీద కిక్కులు కొట్టారు. తర్వాత కింది నట్టు విప్పితే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కారింది. అప్పటికే బోరు గీసుకుపోయింది.

ప్రొద్దుటూరు తోలుకెళ్లి హాఫ్ ఇంజన్ పని చేయించాడు. బోరు కొట్టించి కొత్త పిస్టన్, రింగులు, వాల్వులు, టైమింగ్ చైను వేశారు. బండి లాగడం లేదని మళ్లీ వెళితే, "కొత్త పిస్టన్ గదన్నా, బిగువు మీదుంటాది. నాలుగు రోజులు తిరిగితే సెట్టయితాది" అన్నారు. ఈ మాటను నమ్మి ఎంతమంది కొత్త పిస్టన్లు పోగొట్టుకున్నారో! బిగువుగా ఉన్న ఇంజన్ మందంగా నడుస్తుందేమో గాని, కార్బెటర్ నోట్లోంచి పెట్రోలు ఎగజిమ్మదు.

రెండో షెడ్డులో ప్లగ్గు మార్చారు. కార్బెటర్ విప్పి జెట్లు ఊదారు. కాయిల్ మార్చారు. బిల్లు పెరిగింది, పికప్ పెరగలేదు.

చివరికి సొంత ఊళ్లోనే, రోడ్డు పక్క రేకుల షెడ్డులో పనిచేసే పెద్దాయన దగ్గరికి తోసుకొచ్చాడు.

"మామా, దీన్ని ఇనుప సామాన్లోనికి అమ్మేద్దామా?"

"ఉండబ్బీ. కడాకు దేన్ని ముట్టుకున్న్యారు, అది జెప్పు."

"ఇంజన్ మామా."

"అంతకుముందు ఈ రోగం ఉన్న్యాదా?"

"లేదు."

"మల్ల కాయిల్ ఎందుకు మార్చినారబ్బీ?"

ప్లగ్గు తీసి హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టాడు. నీలం మంట. ప్లగ్గు రంధ్రానికి బొటనవేలు అదిమిపెట్టి కొట్టాడు. గాలి వేలిని బలంగానే నెట్టింది. అంటే రింగులు బాగానే ఉన్నాయి. ప్లగ్గు బిగించి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం లాగేసి, బండి స్టార్టు చేసి, కార్బెటర్ మూతి ముందు అరచెయ్యి పెట్టాడు. రేస్ చేసినప్పుడల్లా చేతి మీద పెట్రోలు తుంపర. లోపలికి పీల్చాల్సిన మూతి బయటికి ఊస్తోంది. ఆయనకు అనుమానం అక్కడ పుట్టింది.

ఈ ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. రెంటినీ కలిపేది టైమింగ్ చైను. మ్యాగ్నెట్ మీద రెండు గీతలుంటాయి. పిస్టన్ సరిగ్గా పైకి చేరినప్పటిది 'టీ' గీత. అంతకు కాస్త ముందు, ప్లగ్గు మంట పుట్టే చోట 'ఎఫ్' గీత. చైను ఎక్కించేటప్పుడు చూడాల్సింది టీ గీతనే.

మ్యాగ్నెట్ కవరు విప్పితే తుప్పు, ఎండిన వరద మట్టి. పళ్లు తోముకునే పాత బ్రష్షు పెట్రోల్లో ముంచి రుద్దాడు. ప్లగ్గు రంధ్రంలోకి చీపురుపుల్ల దూర్చి మ్యాగ్నెట్‌ను చేత్తో మెల్లగా తిప్పాడు. పుల్ల బయటికి వచ్చి వచ్చి ఆగిన చోట టీ గీత ఎదురుగా నిలిచింది. పైన క్యామ్ పళ్ల చక్రం మీది గుండ్రటి గుర్తు మాత్రం హెడ్డు మీది గాడిని దాటి, సరిగ్గా ఒక పన్ను ముందుకు పోయి ఉంది.

తుప్పులో ఎఫ్‌నే టీ అనుకున్నారు. అక్కడ గుర్తులు దగ్గర దగ్గరగా కనిపించాయి, బిగించేశారు.

పైన ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో దాదాపు పాతిక డిగ్రీలు. లోపల కాలిన పొగ పూర్తిగా పోకముందే పెట్రోలు వాల్వు తెరుచుకుంటోంది. ఆ పొగ కార్బెటర్లోకి ఎదురు తంతోంది. వాల్వు మూసుకోవడమూ తొందరే. అందుకే వేలికి కంప్రెషన్ బాగానే తగిలింది, స్పీడెక్కితే మాత్రం ఇంజన్‌కు ఊపిరి చాలలేదు. ఇక మంట పుట్టించే సంకేతం మ్యాగ్నెట్ దగ్గర్నుంచి వస్తుంది, క్యామ్‌తో దానికి పనిలేదు. కరెంటు వైపు ఎంత వెతికినా దొంగ దొరకనిది అందుకే.

చక్రం బోల్టులు తీసి, చైనును ఒక పన్ను వెనక్కి వేశాడు. బిగించాక వెంటనే కిక్కు మీద కాలు పెట్టలేదు. మ్యాగ్నెట్‌ను చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి, వాల్వు పిస్టన్‌కు తగలడం లేదని తేల్చుకుని, గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకున్నాడు. ట్యాపెట్లు సరిచేశాడు. టీ గీత పక్కన తెల్ల పెయింటు చుక్క పెట్టాడు, తర్వాత విప్పేవాడి కోసం.

బండి ఒక్క కిక్కుకే అందుకుంది. ఎర్రగుంట్ల రోడ్డులో ఒక చుట్టు కొట్టి వచ్చిన పాలవ్యాపారి నోట మాట లేదు. జేబులో చెయ్యి పెట్టాడు.

"కూలి మటుకు ఇయ్యి. సామాను ఏమీ పళ్లేదు" అన్నాడు పెద్దాయన. "ఇంగ ఇను. ప్రొద్దుటూరోళ్లు చెప్పిన దాంట్లో ఒగటి నిజమే. కొత్త పిస్టన్, కొన్నాళ్లు మెల్లగా తోలు. ఐదొందల కిలోమీటర్లకు ఆయిల్ మార్చు. రెండు క్యాన్లు ఒగేసారి వద్దు."

అప్పటికే పాలవ్యాపారి రెండో క్యాను తగిలిస్తున్నాడు.