జనపనార దారి తెగిన ఏడాది

ప్రపంచ వాణిజ్య నియమాలకు మూలమైన గ్యాట్ ఒప్పందంలోని 24వ అధికరణం, 11వ పేరా నేడు ఎందరికో గుర్తుండదు. భారత్, పాకిస్తాన్ చిరకాలంగా ఒకే ఆర్థిక ప్రాంతంగా మెలిగాయి కనుక, తమ వాణిజ్య సంబంధాలు స్థిరరూపం పొందేదాకా ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవడానికి ఈ ఒప్పందం అడ్డురాదని దాని సారాంశం. ఆ పేరా నేటికీ నియమావళిలో ఉంది. అది గుర్తించిన ఆర్థిక ఐక్యత మాత్రం రెండేళ్లయినా నిలవలేదు. కశ్మీర్‌లో యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా సరిహద్దు దాటిన సరుకు, మారకపు రేటు దగ్గర ఆగిపోయింది.

విభజనతో జనపనార పండే భూముల్లో అధికభాగం తూర్పు బెంగాల్‌కు దక్కింది. నారను గోనెగా మలచే మిల్లు అక్కడ ఒక్కటీ లేదు. అత్యధికం కలకత్తా చుట్టూ హుగ్లీ తీరాన మిగిలాయి. పొలం ఒక దేశానిది, మగ్గం మరో దేశానిది. అయినా 1948-49లో పాకిస్తాన్ ఎగుమతుల్లో సగానికి పైగా భారత్‌కే వచ్చాయి.

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువను 30.5 శాతం తగ్గించింది. భారత్ అదే బాట పట్టింది, పాకిస్తాన్ నిరాకరించింది. ఫలితంగా 100 పాకిస్తానీ రూపాయలు 144 భారతీయ రూపాయలతో సమానమయ్యాయి. తన నారకు గిరాకీ తగ్గదని, దిగుమతి చేసుకునే యంత్రాలు చౌకగా దొరుకుతాయని కరాచీ లెక్క. ముడిసరుకు ధర ఒక్కసారిగా పెరిగితే మిల్లులు నిలవవని ఢిల్లీ వాదన. రెండింటిలోనూ తర్కం ఉంది. రాజీకి మాత్రం చోటు దొరకలేదు. కొత్త రేటును భారత్ గుర్తించలేదు. వ్యాపారం స్తంభించింది. డిసెంబరులో బొగ్గు సరఫరా కూడా ఆగింది. కలకత్తా మిల్లుల్లో పనిగంటలు తగ్గాయి. తూర్పు బెంగాల్ రైతును ఆదుకోవడానికి పాకిస్తాన్ జనపనార బోర్డును నెలకొల్పవలసి వచ్చింది.

కొరియా యుద్ధం ముడిసరుకుల ధరలను ఎగదోసిన తర్వాత, 1951 ఫిబ్రవరిలో భారత్ పాకిస్తాన్ రేటును అంగీకరించింది. అప్పటికే చరిత్ర మలుపు తిరిగింది. భారత్ పశ్చిమ బెంగాల్, బిహార్, అస్సాంలలో జనపనార సాగును విస్తరించింది. మన ఉత్తరాంధ్రలో పండే గోగునారకూ ఆ మిల్లుల అవసరాల్లో చోటు దొరికింది. 1951లో నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ మిల్లు మొదలైంది. ఒకరికొకరు ఆసరాగా ఉన్నవారు పోటీదారులయ్యారు.

అసలు నష్టం ఇక్కడే ఉంది. దారి మూసుకుపోయినప్పుడు, ఆ మూతను నమ్ముకుని కొత్త పొలాలు, కొత్త మిల్లులు, కొత్త ఉద్యోగాలు పుడతాయి. తగవు తీరినా అవి దారిని తెరవనివ్వవు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు, ఈ పోటీలో చివరికి గెలిచింది ప్లాస్టిక్ సంచి. ఆదంజీ మిల్లు 2002లో మూతపడింది. ఇక్కడి పరిశ్రమ ధాన్యాన్ని గోనెల్లోనే నింపాలన్న 1987 నాటి చట్టం అండతో నెట్టుకొస్తోంది.

తర్వాత ఒప్పందాలకు లోటు లేదు. 1985లో సార్క్ వచ్చింది. 2006లో సాఫ్టా అమలుకు వచ్చింది. పాకిస్తాన్‌కు 1996లో ఇచ్చిన అత్యంత అనుకూల దేశ హోదాను పుల్వామా దాడి తర్వాత 2019లో భారత్ ఉపసంహరించుకుంది. దక్షిణాసియా మొత్తం వాణిజ్యంలో ఈ దేశాల మధ్య సాగేది సుమారు 5 శాతమే. ఆగ్నేయాసియా కూటమిలో అది ఐదో వంతుకు మించి ఉంటుంది.

భద్రతా కారణాలు బూటకమని ఎవరూ అనలేరు. ఉగ్రవాదానికి రాజ్యం జవాబు చెప్పాల్సిందే. కానీ ఆ జవాబు ఖర్చు ఎవరి పద్దులో పడుతోందో ప్రజలకు చెప్పే బాధ్యతా దానిదే. బంగ్లాదేశ్ జనపనార ఉత్పత్తులపై 2017లో యాంటీ డంపింగ్ సుంకం విధించిన భారత్, 2025 జూన్‌లో వాటిలో అనేకం భూమార్గాన రావడాన్ని నిషేధించి ముంబై సమీపంలోని నవా శేవా రేవుకే పరిమితం చేసింది. పెట్రాపోల్ సరిహద్దు నుంచి కలకత్తాకు వంద కిలోమీటర్లు కూడా లేవు. ఆ సరుకు ఇప్పుడు ద్వీపకల్పమంతా చుట్టి రావాలి. ఆ చుట్టుదారి ఖర్చును 1949లో ఎవరూ లెక్కగట్టలేదు. ఈసారైనా పార్లమెంటు ఆ లెక్క అడగాలి.