తెలుగునాట స్వావలంబనము: చెరువుగట్టు మొదలు సహకార సంఘము వరకు

రాయలసీమ చెరువులలో పెక్కు రాజధనముచే కట్టబడినవే యైనను, వానిని తరతరములు నిలిపినది మాత్రము రైతు చేతి పార. 1369వ సంవత్సరమున విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు వేయించిన పోరుమామిళ్ళ చెరువు శాసనము, దినమునకు 1,000 మంది కూలీలును 100 బండ్లును రెండేండ్లపాటు ఆ పనిలో నుండిన వైనమును చెప్పుచున్నది. అంతటి నిర్మాణము ప్రభువు సంకల్పించిననే సాధ్యమగును గాని, ఏటేట పూడిక తీయుట, వానలకు ముందే గండ్లు పూడ్చుట, తూములు చూచుకొనుట, వంతులవారీగా నీరు వదలుట యనునవి రాజధానినుండి జరుగు పనులు కావు. అందుచేతనే నీరు పంచుటకు నీరుగంటివాడును, మరమ్మతు భారము వహించినవారికి దశబంధ మాన్యములును, ఇంటికొక మనిషి గట్టుపనికి పోవు ఆచారమును ఏర్పడెను. ఈ ఆచారమునందు నాకు మిక్కిలి గౌరవము కలదు. ఏలయన ఎంత పని యెప్పుడు చేయవలెనో నిర్ణయించుకొన్నది ఆ ఊరే, ఆ నిర్ణయఫలమును తన మడిలో చూచుకొన్నది ఆ రైతే.

పిమ్మట వచ్చిన ఈస్టిండియా కుంఫిణీ పాలకులు శిస్తు వసూలునందు చూపిన శ్రద్ధలో నాలుగవ పాలైనను చెరువులయందు చూపలేదు. 1832–33లో, నందన సంవత్సరమున, కృష్ణానది ప్రక్కనే సముద్రములోనికి పారుచుండగా గుంటూరు సీమ జనము అన్నములేక మాడిపోయెను; సుమారు 5,00,000 మందిలో 1,50,000కు తక్కువ కాకుండ మరణించిరి. డొక్కల కరువని పేరుపడిన ఆ విపత్తు కన్నులు తెరిపించిన తరువాతనే, ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుదలవలన 1847–52 నడుమ ధవళేశ్వరమునను, పిమ్మట 1855 నాటికి బెజవాడలోను ఆనకట్టలు లేచెను. ఇట్టి పనులు ఒక రైతుచేతనో ఒక ఊరిచేతనో అగునవి కావు. శిస్తు కట్టిన ప్రజ వానిని ప్రభుత్వమునుండి కోరుట న్యాయము, కోరకుండుటయే దోషము. కాని ఆ ప్రభుత్వమే 1858లో ఒక చట్టము చేసి, గ్రామస్థులు ఆచారముగ చేయుచు వచ్చిన మరమ్మతును బలవంతపు చాకిరిగ మార్చెను. నిర్ణయము సర్కారుది, శ్రమ రైతుది అయిన పిమ్మట, ఆ గట్టుపై మమకారము ఎవరికుండును?

ఇరువదవ శతాబ్దారంభమున స్వావలంబనము విద్యారంగమున తిరిగి తలయెత్తెను. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. 1914లో బెజవాడయందు గ్రంథాలయోద్యమమునకు సంఘ మేర్పడెను. ప్రభుత్వము చదివించలేదని విలపించుటతో తృప్తిపడక, చందాలెత్తి పుస్తకములు కొన్నవారు వీరు.

అయినను ఈ చరిత్రకు గుండెకాయ చీరాల–పేరాల. 1919లో మద్రాసు ప్రభుత్వము ఆ గ్రామములను పురపాలక సంఘముగ మార్చుటతో, యూనియనుగా నున్ననాడు ఏటికి సుమారు 4,000 రూపాయలు చెల్లించిన ఊరిపై 40,000 రూపాయల భారము పడనుండెను. నేతపనివారు, చిన్నరైతులు అధికముగాగల ఆ జనము పెట్టుకొన్న విన్నపములన్నియు బూడిదలో పోసిన పన్నీరయ్యెను. స్థానిక స్వపరిపాలన పేర, స్థానికులు వలదన్న పాలనను, తెలుగువాడే యగు మంత్రి పానగల్లు రాజా హయాములోను వారి నెత్తిన నిలిపియుంచుటను తలచుకొన్నపుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును. పన్ను నిరాకరించి జైలుకు పోయినవారిలో ఒక స్త్రీయు నుండెను. 1921 ఏప్రిలులో చీరాలకు వచ్చిన గాంధీ, పన్ను కట్టక శిక్షల ననుభవించుటయో, ఊరు విడిచి సంఘపు పొలిమేర దాటుటయో మీ ఇష్టమని చెప్పగా, ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండవ మార్గమునకు జనమును సిద్ధపరచెను. అతని స్వచ్ఛంద సేవాదళమగు రామదండు ముందు నడువగా, సుమారు 15,000 మందిలో 13,000కు పైగా ఇండ్లు విడిచి, రామనగరమను పేర బయలునందు పాకలు వేసికొనిరి.

నా దృష్టి మాత్రము మగ్గము గుంటపై నిలుచును. నేతగాడు మగ్గపు కొయ్యలను, పన్నెలను, పడుగును బండికెత్తవచ్చును గాని, కాళ్ళుంచి తొక్కు గుంటను ఎత్తుకొనిపోజాలడు. క్రొత్తచోట నేల త్రవ్వి, గోడలు మెత్తి, తడి ఆరి, మగ్గము నిలుచువరకు అతనికి కూలి లేదు. ప్రభుత్వమును కాదని తన కాళ్ళపై తాను నిలుచుటకు బీదవాడు చెల్లించిన మూల్యము అది. అట్టివారు తమ తగవులను తమ పంచాయతీలోనే తీర్చుకొనుచు, ఎండవానలకోర్చి పదునొకండు నెలలు నిలిచిరి. గోపాలకృష్ణయ్య బరంపురమున నిర్బంధింపబడి ఏడాది శిక్షపాలు కాగా, ధనము, నాయకత్వము రెండును కొరవడి 1922లో జనము ఇండ్లకు మరలెను. పురపాలక సంఘము నిలిచెను. దీనిని ఓటమి యనుటకు నా మనస్సొప్పదు. కాని వ్యక్తి యెంత ధీరుడైనను, సర్కారు తప్పిదమును బీదకుటుంబము ఒంటరిగ ఎంతకాలము మోయగలదో ఆ పదునొకండు నెలలు తేల్చిచెప్పినవి.

1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపెను. సర్కారు త్రవ్వించిన కాలువలో ప్రజల పుస్తకములు ప్రయాణించెను. ప్రభుత్వమునకును ప్రజకును నడుమ ఉండదగిన పొత్తు ఇట్టిదని నా అభిప్రాయము. 1956లో ముల్కనూరునందు అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో 14 గ్రామముల రైతులు తమ పొదుపుతో సహకార సంఘమును స్థాపించిరి. కాని సహకార సంఘములందును పాతకథయే తిరిగి నడచెను: ప్రభుత్వము వాటాధనము పెట్టినచోట పెత్తనమును చేసి, ఎన్నికలను వాయిదావేసి, పాలకవర్గములను రద్దుపరచి అధికారులను కూర్చుండబెట్టెను. రైతునాయకుల సుదీర్ఘ ప్రయత్నముచే 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసెను. ఆ చట్టముక్రిందకు రాదలచిన పాత సంఘము, ముందుగా ప్రభుత్వ వాటాధనమును ప్రభుత్వమునకు తిరిగి చెల్లించివేయవలెను. పెత్తనము పోవలెనన్న ఋణము తీరవలెను. ఈ నియమము నాకెంతయు సమంజసముగ తోచును. అదే చట్టముక్రింద ముల్కనూరు పరిసర గ్రామముల స్త్రీలు స్వకృషి పేర డెయిరీని నెలకొల్పుకొనిరి. అందు పాలు పోయువారును స్త్రీలే, పాలకవర్గమున కూర్చుండువారును స్త్రీలే.