హామీ పంచాయతీది, నేల మరొకరిది

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు సంబంధించి 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో వరసగా చెప్పారు. చౌడు నేల ఒక దోషం. కట్టలోంచి నీరు ఊరడం ఇంకో దోషం. చెరువు రెండు రాజ్యాల సరిహద్దు మీద పడటం కూడా దోషమే. ఈ చివరిది ఇంజనీరింగ్ మాట కాదు, పాలన మాట. ప్రకృతిని బాగుచేస్తామని మన స్థానిక సంస్థలు ఇచ్చిన హామీలు ఎక్కువగా బోల్తాపడింది ఈ దోషం దగ్గరే. రాజ్యాలు పోయి శాఖలు వచ్చాయి, అంతే. కట్ట ఇరిగేషన్ వారిది, నీరు నిలిచే శిఖం భూమి రెవెన్యూ వారిది, చేపల లెక్క మత్స్యశాఖది. మురుగు మాత్రం పంచాయతీది.

పాత ఏర్పాటులో ఈ చీలిక తక్కువ. చెరువు తవ్వించినవారికో, పాడైతే బాగుచేయించేవారికో ఆయకట్టులో కొంత మాన్యం రాసిచ్చే దశబంధం పద్ధతి ఉండేది. తూము తీసి పొలాలకు నీరు వంతులు వేసే నీరటికాడికి పంటలో మేర అందేది. అంటే సంరక్షణ ఖర్చు ఆ చెరువు రాబడిలోంచే పుట్టేది. అది రాజులూ భూస్వాములూ తమ వరి కోసం చేసుకున్న ఏర్పాటే గానీ పక్షుల మీద ప్రేమతో చేసింది కాదని, నీరటి పని కులాన్ని బట్టి అంటగట్టిన చాకిరీ అని అభ్యంతరం రావచ్చు. నిజమే, ఆ వ్యవస్థను తిరిగి తెమ్మని ఎవరూ కోరక్కర్లేదు. కానీ అన్యాయం పోవాల్సిన చోట సంరక్షణకున్న ఆదాయం కూడా పోయింది. ఆ ఇనాం మాన్యాలు రద్దయ్యాక దాని స్థానంలో మరో ఆదాయ మార్గం ఏర్పడలేదు. నూరు ఎకరాల లోపు ఆయకట్టున్న చిన్న చెరువులు పంచాయతీల బాధ్యత అన్నారు. బాధ్యతకు తగిన నిధి వెంట రాలేదు.

1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలు ఈ లోటు తీరుస్తాయనిపించింది. పదకొండో షెడ్యూల్లో సామాజిక వనాలు, నీటి యాజమాన్యం, పన్నెండో షెడ్యూల్లో పట్టణ వనాలు, పర్యావరణ పరిరక్షణ చేరాయి. అయితే ఆ అధికారాలను బదలాయించడం రాష్ట్ర శాసనసభల ఇష్టానికే వదిలేశారు. పదేళ్ల తర్వాత 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలంది. ఊళ్లోని మొక్కలు, జంతువులు, విత్తనాలు, వాటిపై జనానికున్న తెలివిడి రిజిస్టరులో రాయించాలన్నది ఆలోచన. చాలా ఏళ్లు అది నత్తనడక నడిచింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి, అది దాటితే 2020 ఫిబ్రవరి నుంచి నెలకు పది లక్షల చొప్పున రాష్ట్రాలు కట్టాలనేసరికి పరుగు మొదలైంది. దేశంలో కమిటీలు రెండున్నర లక్షలు దాటాయి. జరిమానా భయంతో పుట్టిన రిజిస్టరుకు, ఊరి పెద్దమనుషులు కూర్చుని రాయించిన రిజిస్టరుకు ఉండే తేడా చెప్పనవసరం లేదు.

ఈ నడుమే 2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. నగరాల పాత్రను అంతకు రెండేళ్ల ముందు నగోయా సదస్సే గుర్తించింది. ఇక్కడా నగరాల కోసం ప్రత్యేక సమావేశం పెట్టారు. సదస్సు గుర్తుగా గచ్చిబౌలి దగ్గర వెలసిన పార్కు వల్ల అక్కడి కూడలికి బయోడైవర్సిటీ జంక్షన్ అని పేరొచ్చింది. ఈ రోజు ఆ పేరు వింటే నగరవాసికి తట్టేది ఫ్లైఓవర్లు, ట్రాఫిక్.

తర్వాతి దశ మొక్కల లెక్కది. 2015లో తెలంగాణ హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను ప్రజాప్రతినిధుల మీద పెట్టాయి. మాట తప్పితే పదవే పోతుందన్న నిబంధన దేశంలో అరుదు. దాన్ని తక్కువ చేయలేం. కానీ బతికిన మొక్కల సంఖ్యే కొలమానమైతే, తొందరగా ఎదిగి పశువులు ముట్టని కోనోకార్పస్ లాంటిది రోడ్ల వెంట బారులు తీరుతుంది. తీరింది కూడా. ఆనక దాన్ని నర్సరీల్లో పెంచొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. మొక్క బతికింది, పిట్టకు పండు దొరకలేదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుదీ ఇదే కథ. పట్టణ ప్రాంతంలో ఆ గౌరవం దక్కిన తొలి జలాశయం అది. ప్రకటన వచ్చింది గానీ మురుగు, ఆక్రమణల బాధ తీరలేదు.

స్థానిక నాయకులే లేఅవుట్లకు కొమ్ముకాస్తారు, కాబట్టి పై ప్రభుత్వం గట్టిగా పూనుకోవాలన్న వాదనకు బలం లేకపోలేదు. కొల్లేరు సరస్సులో అదీ చూశాం. ఐదో కాంటూరు (ఎత్తు రేఖ) దాకా అభయారణ్యమని 1999లో ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. బతుకుతెరువు పోయినవారి ఓటు ఊళ్లోనే ఉంటుంది మరి. ఇందుకు భిన్నంగా అనంతపురం ప్రాంతంలోని వీరాపురంలో కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, జనం వాటికి హాని చేయనివ్వరు. అక్కడి కట్టుబాటు ఏ సర్కారు ఉత్తర్వులోంచీ పుట్టలేదు. అయితే చెరువుల్లో నీళ్లు లేని ఏడు ఆ కట్టుబాటు ఒక్కటే కొంగలకు మేత పెట్టలేదు.

కాబట్టి ఈసారి గ్రామసభలో మొక్కల లెక్క చదివినప్పుడు మూడు సంగతులు అడగండి: శిఖం హద్దురాళ్లు ఎక్కడున్నాయి? చెరువు రాబడిలో ఎంత తిరిగి చెరువుకే ఖర్చవుతోంది? లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు జీవవైవిధ్య రిజిస్టరు ఎవరైనా తెరిచి చూశారా?